'ఒడి నింపరా' అన్నందుకు

మొన్న కోతపండక్కి ముందు జకరయ్య పంతులుగారి మనవడు మా ఇంటికొచ్చి, మా అమ్మ పాటను మా అమ్మ కొడుక్కే నేర్పబోయాడు.

కుర్రాడి పేరు ప్రశాంత్. వాళ్ళ తాత ఒకప్పుడు మా పాలేనికి బడిపంతులు, సంఘానికి పెద్ద. ఇతను గుంటూరులో పెద్ద చదువు చదివి అక్కడే ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు వచ్చి గుళ్ళో పాటల బృందాన్ని నడుపుతాడు. మేం చర్చిని గుడి అనే అంటాం, పెద్దల నాటి అలవాటు. బండి గుమ్మం ముందు ఆపి, చెప్పులు విడిచి, "వందనాలు తాతగారూ" అంటూ లోపలికొచ్చి, నేను కూర్చోమనేదాకా నిలబడే ఉన్నాడు. మర్యాదకేం లోటు లేదు. ఆ ఇంట్లో మర్యాదకు ఏనాడూ లోటు లేదు, నాకున్న గొడవంతా దాంతోనే.

"మన పాత పాటొకటి కొత్తగా చేసి రికార్డు చేశాం తాతగారూ. మీరు వినాలి," అని ఫోను నా చేతిలో పెట్టాడు. రంగు దీపాలు, పొగ, గిటార్లు. మొదట నాకేమీ తెలియలేదు. పాడే అమ్మాయి నోరు తెరిచేసరికి నా వీపు నిటారయింది. 'ఒడి నింపుమయా యేసయ్యా, ఒడి నింపుమయా' అంటోంది ఆ పిల్ల. బాణీ మా అమ్మది. మాట మా అమ్మది కాదు. మా అమ్మ 'నింపుమయా' అనలేదు. ఆ మాటే అనుంటే ఆమె బతుకు ఇంకో దారిన పోయేది, నాదీ పోయేది. కింద అక్షరాలు పడుతున్నాయి. కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కున్నాను: 'సంప్రదాయ క్రైస్తవ జానపద గీతం. సేకరణ: దివంగత జకరయ్య పంతులుగారు.'

"సేకరణ అంటే ఏంట్రా అబ్బాయ్?" అన్నాను.

"అంటే, జనంలో ఉన్న పాటని వెతికి పట్టుకుని దాచిపెట్టడం అండి. మా సలోమత్త ఎప్పుడూ ఈ పాట కూనిరాగం తీస్తుంటుంది. వాళ్ళ నాన్న, అదే మా తాత దగ్గరే నేర్చుకునుంటుంది కదా అని..."

"మీ అత్త చెప్పిందా, వాళ్ళ నాన్న నేర్పాడని?"

"చెప్పలేదండి. అడిగితే నవ్వి ఊరుకుంటుంది. ఆమెకి మూడు చరణాలే వచ్చంట. ఇంకోటుంది, అది యోసేపు దగ్గరుంది, అంటే మీ దగ్గరేనండి, పోయి అడుక్కో అంది. కోతపండక్కి పాడదామనుకుంటున్నాం తాతగారూ. ఎంత మారినా మన ట్రెడిషన్ మనం వదులుకోకూడదు కదండీ."

ట్రెడిషన్! ఇదే పాటను వాళ్ళ తాత గుళ్ళోంచి గెంటినప్పుడు దీన్ని కొత్త పోకడ అన్నాడు, లోకపు వికారం అన్నాడు. గెంటేవాళ్ళూ వాళ్ళే, గెంటినదాన్ని కాలం గడిచాక ఆచారమని అద్దాల బీరువాలో పెట్టుకునేదీ వాళ్ళే. మధ్యలో ఎవరి బతుకు మట్టిలో కలిసిందో ఏ బీరువాలోనూ ఉండదు. నేనేమీ బయటపడలేదు. "ఇస్తాలే. కాకపోతే నేనే పాడతా. గుళ్ళో, మైకులో, అందరూ వినేట్టు. అంతకుముందు మాత్రం వినిపించను," అన్నాను. పిచ్చివాడు, సంతోషంతో నా చేతులు రెండూ పట్టుకున్నాడు. అతను వెళ్ళాక ఇంటావిడ "ఏంటి, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అంది. ఎన్నాళ్ళుగానో కాగుతున్న నూనెలో ఇవాళ ఆవగింజ పడిందని చెప్పాను.

మా అమ్మ పేరు సారమ్మ. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. మాది ప్రత్తిపాడు పక్కన పాలెం. ఊళ్ళో రైతుల చేలల్లో పత్తి తీతకూ మిరప కోతకూ పోవడమే మా ఆడవాళ్ళ బతుకు. మిరప కోతల రోజులొస్తే మా ఇంట్లో ప్రతిదానికీ ఘాటు పట్టేది. దుప్పటి దులిపితే తుమ్ములు, ముంత ఎత్తి నీళ్ళు తాగితే పెదాలు చురుక్కు. అమ్మ మంచు తడి ఆరకముందే చేలో దిగేది. చీర ముందు కొంగు మడిచి నడుముకు దోపుకుంటే అది సంచిలా అయ్యేది, దాన్నే ఒడి అంటారు. కోసిన కాయ కోసినట్టు ఒడిలో పడాలి. ఒడి నిండితే గట్టుమీద గోతంలో పోసి మళ్ళీ సాలు పట్టాలి. పొద్దు వాలాక వచ్చేది. ఆ రోజుల్లో అమ్మ నన్ను అరచేత్తో తాకేది కాదు. కంట్లో మంట పుడుతుందని మోచేత్తో నా మొహం తుడిచేది, ముంజేత్తో జుట్టు వెనక్కి తోసేది. చాలాకాలం నేను తల్లులందరూ అలాగే తాకుతారనుకున్నాను. అన్నం తిన్నాక పులిసిన మజ్జిగలో చేతులు ముంచి కూర్చునేది. మజ్జిగ లేనినాడు వేళ్ళు నా ముందు చాపి, "ఊదరా యోసేపూ, కాస్త ఊదరా," అనేది. నేను బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదేవాణ్ణి.

ఆ పాట అక్కడ పుట్టింది. చేలో ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు బదులు పలకాలి, కోత పాటల పద్ధతి అది. బదులు పలక్కపోతే పాడిన మనిషికి అవమానం. మేస్త్రి మీదా, రైతు మీదా, అత్తల మీదా ఎన్నో పాటలుండేవి. అమ్మ ఒకనాడు ఆ బాణీలోనే యేసయ్యను పిలిచింది. ఇవీ ఆ మాటలు:

పండుకాయ కోసి కోసి వేళ్ళు మండె యేసయ్యా
వేలు పట్టి ఊదిపోరా, ఒడి నింపరా

గట్టుమీద గంజికుండ గాలికారె యేసయ్యా
గుక్కెడైనా తాగిపోరా, ఒడి నింపరా

పొద్దువాలె, కళ్ళమేమొ దూరమాయె యేసయ్యా
గంప కాస్త ఎత్తిపోరా, ఒడి నింపరా

ఇంతే. మూడు చరణాలు. నాతో అన్న మాటనే ఆయనతో అంది. నా కన్నా ఆయన ఊపిరి కాస్త చల్లగా ఉంటుందనుకుందో ఏమో.

ఇక పంతులుగారి సంగతి. తెల్లటి పంచె, మోకాళ్ళ దాకా కోటు, చంకలో గొడుగు. వానాకాలమైనా ఎండాకాలమైనా ఆ గొడుగు తెరిచి ఎవరూ చూడలేదు. మా పాలెంలో మొదట 'గారు' అనిపించుకున్న మనిషి ఆయనే. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని తాతల వయసున్నా 'ఏరా', 'ఒరేయ్' అనేవాళ్ళు. ఆయన్ని మాత్రం 'పంతులుగారూ' అనేవాళ్ళు. దానికోసం ఆయన ఎంత తాపత్రయపడ్డాడో మాకు తెలుసు. చదువు, చొక్కా, నడక, దగ్గడం కూడా మిషను దొరల దగ్గర నేర్చుకున్నాడు. దేవుడితో పుస్తకాల భాష మాట్లాడేవాడు, మాతో బెత్తం భాష మాట్లాడేవాడు. దొరలు నేర్పి పోయిన పాటలే గుళ్ళో పాడాలి, హార్మోనియం కాళ్ళతో తొక్కేది ఒకటుండేది, దాని మీద అవి ఏడుస్తున్నట్టు సాగేవి. ఆ పాటలు కూడా ఒకప్పుడు కొత్తవేననీ, మా ముత్తాతలు వాటిని విని బిత్తరపోయి ఉంటారనీ నాకు చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు. అప్పుడు మాత్రం అవి సృష్టితోపాటే పుట్టాయనుకునేవాళ్ళం.

ఆ ఏడు కోతపండుగకు గుళ్ళో గుమ్మడికాయలు, మిరపకాయల గోతాలు, కోళ్ళు, పత్తి మూటలు తెచ్చి పీఠం ముందు పెట్టారు. సున్నం వాసన, తాటాకు చాపల వాసన, ఆడవాళ్ళ తలనూనె, కొత్త మిరపకాయల ఘాటు. ఎవరైనా ఒక పాట పాడండమ్మా అని పట్నం నుంచి వచ్చిన పాదిరిగారు అడిగారు. ఆడవాళ్ళు మా అమ్మను మోచేతుల్తో పొడిచారు. అమ్మ లేచి ముసుగు సర్దుకుని ఈ పాట అందుకుంది. మొదటి చరణానికే ఆడవాళ్ళ వైపంతా బదులు పలికింది. చేలో పలికినట్టే పలికారు, గుడని కూడా మరిచిపోయారు. రెండో చరణం అయ్యేసరికి పంతులుగారు గొడుగు నేలకేసి కొట్టారు.

"ఆపవే! యేసయ్య నీ ఇంటి పాలేరనుకున్నావా, 'రా' అని పిలుస్తున్నావ్?"

అమ్మ ఆగింది. భయపడిందనుకున్నాను. "పాలేర్ని పిలిచినట్టు కాదు పంతులుగారూ. కొడుకుని పిలిచినట్టు పిలిచా."

"కొడుకా? లోకరక్షకుడు నీకు కొడుకంటే? ఎంత పొగరే నీకు!"

"మరి కన్నది మాలాంటి ఆడదేగా. ఆ తల్లి 'అండీ' అని పిలిచిందంటారా?"

ఆడవాళ్ళ వైపు కిసుక్కున ఒక నవ్వు. తర్వాత గుడంతా. పాదిరిగారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వే మా కొంప ముంచింది. మాటకు మాట జవాబిస్తే పంతులుగారు మరిచిపోయేవారేమో, నవ్వును మాత్రం మరిచిపోలేదు. మరుసటి ఆదివారమే తీర్పు చెప్పారు. సారమ్మ సంఘం ముందు నిలబడి క్షమించమని అడిగేదాకా ఆమెకు ప్రభువు బల్ల లేదు, అంటే అందరితోపాటు రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. కూర్చోవడం కూడా ఆడవాళ్ళ చాపల మీద కాదు, తలుపు దగ్గర విడిగా వేసిన చాప మీద. తాగి వచ్చినవాళ్ళకూ, రెండో పెళ్ళాన్ని తెచ్చుకున్నవాళ్ళకూ వేసే చాప అది. వెనక చాప అనేవాళ్ళం. చెప్పులన్నీ దాని పక్కనే విడిచేవాళ్ళు.

ఆయన మా ఇంటికి కూడా వచ్చారు, నచ్చజెప్పడానికి. గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు. ఆ మాటలు నాకు గుర్తున్నాయి, ఆయన పక్షాన చెప్పాల్సింది చెప్పకపోతే నాది పగ కాదు, కల్ల అవుతుంది. "సారమ్మా, ఊళ్ళోవాళ్ళు మనల్ని ఏమని పిలుస్తారు? 'రా' అనేగా? ఆ మాట మన వీపు మీద నుంచి దించాలని నేను చస్తున్నాను. నా బడిలో చదివినవాణ్ణి రేపు 'గారు' అనాలి వాళ్ళు. అట్టాంటిది, నువ్వు ఆ మాట తీసుకెళ్ళి దేవుడి మెళ్ళోనే కడితే ఎట్టా? చేలో మట్టి చేలోనే కడుక్కుని గుళ్ళోకి రావాలి."

"మట్టి కడిగితే పోద్ది పంతులుగారూ. మంట కడిగితే పోదు," అంది అమ్మ చేతులు చూపించి. "ఆయన రావాల్సింది ఆ మంటకాడికే. పుస్తకంలో మాటలంటే ఆయనకి ఇనపడతయ్యేమో, నాకు మాత్రం నోరు తిరగదు."

"ఒక్కసారి తప్పయిందను. అంతే."

"తప్పయితే అందును."

ఆయన భయం నాకిప్పుడు అర్థమవుతుంది. 'రా' అనే మాట ఆయనకు కొరడా, మా అమ్మకు ముద్దు. రెండూ నిజమే. అర్థమైనంత మాత్రాన క్షమించాలని ఎక్కడ రాసి ఉందంటారా? రాసే ఉంది. నేనే చదివాను, చాలాసార్లు చదివాను. ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు మా అమ్మ కూర్చున్న చాపే కనబడేది.

అప్పట్లో వారమంతా బడి కూడా ఆ గుళ్ళోనే జరిగేది. సోమవారం నేను పలక పట్టుకుని వెళితే పంతులుగారు ఒక్క మాటా అనకుండా గొడుగుతో తలుపు వైపు చూపించారు. చాప అక్కడే పరిచి ఉంది. ఆనాటి నుంచి నన్ను పాఠం అడగలేదు, పలక చూడలేదు, కొట్టను కూడా లేదు. దెబ్బలు తినే పిల్లల్ని చూసి నేను కుళ్ళుకునేవాణ్ణి. అక్షరాలయితే అప్పటికే వచ్చేశాయి, వాటిని ఆయన వెనక్కి తీసుకోలేకపోయారు. కోతలు అయిపోయేసరికి బడి మానేసి, కాస్త ఒళ్ళు రాగానే చిలకలూరిపేటలో పత్తి మిల్లుకు పోయాను. దూది దుమ్ములో తుమ్ముతూ, బజ్జీల పొట్లాల కాగితాలు, మిల్లు గోడల మీది బోర్డులు, లారీల వెనక రాతలు, అమ్మ నా మూటలో కట్టిపెట్టిన బైబిలు, ఏది దొరికితే అది చదివాను. నాకు చదువు లేదన్నవాడితో నేను వాదించను. నా చదువు ఎవరు ఆపారో చెబుతాను, అంతే.

అమ్మ మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. ఉతికిన తెల్లచీర కట్టుకుని, అన్నం వండేటప్పుడల్లా దేవుడికని తీసిపెట్టిన పిడికెడు బియ్యం మూటగట్టుకుని, గంట మోగకముందే వెళ్ళి ఆ చాప మీద కూర్చునేది. ఆమె బియ్యం తీసుకునేవాళ్ళు, ఆమెకు రొట్టె ఇచ్చేవాళ్ళు కాదు. ఇంకో ఊరి సంఘానికి పోదామే అంటే, "ఇది మా నాయన మట్టి తొక్కిన గోడరా. ఆ పంతులు పోతే పోనీ," అనేది. నేను మిల్లు నుంచి వచ్చినప్పుడు ఆమె పక్కనే చాప మీద కూర్చునేవాణ్ణి. మాకు కాస్త ముందు చిన్నపిల్లల వరస. వాళ్ళు అల్లరి చెయ్యకుండా చూడటానికి పంతులుగారి కూతురు సలోమి కూర్చునేది, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. అందరూ బల్ల దగ్గరికి వెళ్ళి వరసగా మోకాళ్ళూనినప్పుడు, అమ్మ పెదాలు కదిలేవి. ఎవరికీ వినబడకుండా అదే పాట. ఆ చాప మీదే దానికి నాలుగో చరణం కట్టింది. నాకు వినబడేది. సలోమి మెడ కొంచెం పక్కకు తిరిగేది, ఆమెకూ వినబడేదన్నమాట. తండ్రికి చెప్పలేదు. ఒకసారి పిల్లాడిని ఎత్తుకోవడానికి వంగినట్టు వంగి, చాప మీద ఒక రొట్టెముక్క పెట్టి పోయింది. అమ్మ దాన్ని తినలేదు. గుమ్మంలో వాలిన పావురానికి వేసి, సలోమికి వినబడేట్టు, "దొంగరొట్టె నాకెందుకమ్మా. ఇచ్చేవాడు పిలిచి ఇయ్యాల," అంది.

పిలవలేదు. అమ్మ ఆ చాప మీదనుంచి నేరుగా మంచం మీదికి, మంచం మీదనుంచి మట్టిలోకి వెళ్ళింది. మా పాలెంలో మనిషి పోతే గుడి గంట కొడతారు. నేను పంతులుగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. అప్పటికి నాకు పెళ్ళయి పిల్లలు కూడా ఉన్నారు. ఆయన "అడగలేదు కదరా ఆమె. అడగందే నేనేం చెయ్యను?" అన్నారు. 'రా' అన్నారు నన్ను. గంట కొట్టలేదు. మిరపచేలో పనిచేసే ఆడవాళ్ళు పని ఆపి గట్టుమీద నిలబడి ఉంటే, వాళ్ళ ముందు నుంచి చప్పుడు లేకుండా తీసుకుపోయాం. ఆ చప్పుడు లేకపోవడం నా చెవుల్లో ఇంకా మోగుతోంది. తర్వాత కొన్నేళ్ళకు ఆయన పోయారు. గంట మోగిందీ, మైకు పెట్టారూ, పాలరాయి వేశారూ. నా చేతికి దొరక్కుండా, కీర్తి కట్టుకుని పోయారు.

ఇప్పుడా గుడి లేదు. పడగొట్టి కొత్తది కట్టారు. పంకాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు పెద్ద తెర. పాత గంటను పూలకుండీ పక్కన అలంకారానికి వేలాడదీశారు, ఆదివారం గంట చప్పుడు స్పీకర్లోంచి వస్తుంది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు అనేది పోయింది. మంచిదే. వెనక చాప కూడా పోయింది, ఇప్పుడు తప్పు చేసినవాళ్ళకు ముందు కుర్చీలే. ఇవన్నీ మారినందుకు నాకేం బాధ లేదు, మారకూడదని ఏనాడూ అనలేదు. మార్పు కోసం మొదటి దెబ్బ తిన్న మనిషిని తెర మీద చెరిపేసి, కొట్టినవాడి పేరు రాస్తే మాత్రం ఊరుకోను.

కోతపండుగ నాడు నేను అమ్మ తెల్లచీర కట్టినట్టే ఉతికిన తెల్లపంచె కట్టుకుని వెళ్ళాను. పీఠం ముందు మిరపకాయల బస్తాలు, గుమ్మడికాయలు, కూల్‌డ్రింకు కేసులు. మొదటి వరసలో సలోమి, తెల్లటి జుట్టు, మోకాళ్ళ మీద చేతికర్ర. ప్రశాంత్ నన్ను పైకి పిలిచి, "మన సంఘ సంప్రదాయాన్ని కాపాడుతున్న పెద్దలు" అని ఏదో అన్నాడు. చప్పట్లు. కీబోర్డు అబ్బాయి, "ఏ స్కేలు తాతా?" అన్నాడు.

"మిరపచేను స్కేలు. నీ పెట్టెలో ఉండదు, నా ఎనకాల రా," అన్నాను. పిల్లలు నవ్వారు.

అందుకున్నాను. గొంతు గరగరలాడింది, కానీ దారి తప్పలేదు. తెర మీద 'నింపుమయా' అని పడుతోంది, నేను 'నింపరా' అన్నాను. కుర్రాళ్ళు తెర చూసి పాడారు, ముసలమ్మలు నన్ను విని పాడారు. మొదటి చరణంలో రెండూ ఢీకొన్నాయి, రెండో చరణానికి తెర ఓడిపోయింది. మూడోది అయ్యాక ప్రశాంత్ కళ్ళు మెరుస్తూ నా వైపు వంగి, "ఇప్పుడు నాలుగోది తాతగారూ!" అన్నాడు. నేను కీబోర్డు ఆపమన్నాను.

పంతులేమో నిన్ను ఎపుడూ 'రా' అననే లేదయ్యా
తలుపుకాడ చాపుంది, యేసయ్యా, రా, కూకోరా

ఎవరూ పలకలేదు. మైకు వదలకుండా చెప్పాను: "ఈ పాట ఎవరూ సేకరించలేదు. కూలికి పోయే సారమ్మ కట్టింది. 'రా' అన్నందుకు ఆమెను తలుపు దగ్గర కూర్చోబెట్టారు. చచ్చేదాకా రొట్టె పెట్టలేదు, చచ్చాక గంట కొట్టలేదు. కూర్చోబెట్టిందెవరో తెర మీద పేరుంది, చదువుకోండి." మళ్ళీ చరణం అందుకున్నాను. కోత పాటకు బదులు రాకపోతే పాడినవాడికి అవమానమని చెప్పాను కదా. ఆ క్షణంలో మా అమ్మకు రెండోసారి అవమానం జరగబోతోందనుకున్నాను.

ముందు వరసలోంచి వచ్చింది బదులు. సన్నగా, వణుకుతూ. సలోమి కర్ర ఊని లేచి నిలబడి, తండ్రి పేరున్న తెరకేసి చూస్తూ, "రా, కూకోరా!" అంది. ఆ తర్వాత ఎవరెవరు పలికారో నేను చెప్పలేను.

దిగివస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మా నాన్న బతికుండగా పాడి ఉండాల్సింది నేను. ఇన్నాళ్ళూ మీ అమ్మ ఎంగిలిపాట పాడుకుంటూ బతికానయ్యా. నాలుగోది నాకూ వచ్చు. మా నాన్న మీద ఆ మాట నా నోటితో అనలేక వాణ్ణి నీ దగ్గరికి తోలా," అంది.

కడుపు చల్లబడుతుందనుకున్నాను. కొంచెం చల్లబడింది కూడా. ఆ వారమే మళ్ళీ ఫోనులో పాట పెట్టారు. చూశాను. నాలుగో చరణం లేదు. 'సేకరణ: జకరయ్య పంతులుగారు' అలాగే ఉంది. దాని కింద కొత్తగా, 'ప్రత్యేక కృతజ్ఞతలు: యోసేపు తాతగారు' అని చేర్చారు. మా అమ్మ పేరు లేదు. ప్రశాంత్‌కు ఫోను చేశాను. "నేను మార్చేద్దామనే అన్నానండి. సారమ్మగారి పేరు వెయ్యాలనే ఉంది నాకు. కానీ కమిటీలో పెట్టాలంట. తాతగారి పేరు తీస్తే కొందరు బాధపడతారంట," అన్నాడు. గొంతులో సిగ్గు ఉంది. సిగ్గుతో పేర్లు మారవు.

అటక మీద తాటాకు చాపొకటి ఉంది. దులిపి, చుట్టి, చంకలో పెట్టుకుని మరుసటి ఆదివారం గుడికి వెళ్ళాను. ఇప్పుడు తలుపు దగ్గర చెప్పుల స్టాండు ఉంది. దాన్ని కాస్త జరిపి, అమ్మ కూర్చున్న చోటనే చాప పరిచి కూర్చున్నాను. వచ్చే ప్రతి మనిషీ నన్ను దాటుకునే లోపలికి పోవాలి. ఆనాటి నుంచి ప్రతి ఆదివారం ఇంతే. అందరూ బల్ల దగ్గరికి వెళ్ళినప్పుడు నేను కదలను. అమ్మకు పెట్టని రొట్టె నాకొద్దు. వాళ్ళ పాటలన్నీ అయ్యి కీబోర్డు ఆగగానే నేను నాలుగో చరణం అందుకుంటాను. మైకు అక్కర్లేదు. ముందు వరసలోంచి సలోమి బదులు పలుకుతుంది, ఆమెతోపాటు ఈమధ్య ఇంకొందరు. పేరు మార్చేదాకా ఇది ఆగదని కమిటీకి కబురు పంపాను.

మొన్న ఆదివారం ప్రశాంత్ ఆరాధన మధ్యలోనే వచ్చి నా ముందు వంగి నిలబడ్డాడు. "లోపలికి రండి తాతగారూ. మీకు ముందు వరసలో కుర్చీ వేయించాను. మీరిట్లా చెప్పుల పక్కన కూర్చుంటే మాకు తలవంపులుగా ఉందండి. దయచేసి రండి."

"'రండి' అంటే రాను. మా అమ్మ పాటలో ఎట్లా ఉందో అట్లా పిలువు. వస్తా."

అతను నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. పెద్దవాణ్ణి, తాత వయసువాణ్ణి, గుడంతా చూస్తుండగా ఆ మాట ఎలా అనగలడు? ఆ ఇంటి మర్యాద అతని గొంతుకు అడ్డం పడింది. చేతులు జోడించి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. నేను కాస్త పక్కకు జరిగి కూర్చున్నాను. చాప మీద ఇంకొకరికి చోటుంది.